ఉస్తాద్‌కు అక్క సంగతి చెప్పిన రోజు

దుబాయ్ పోదామనుకునే పిల్లలు నన్ను రెండే సంగతులు అడుగుతారు. ఎండ ఎట్ల ఉంటది, ముదీర్లు, అంటే మేనేజర్లు, ఎట్ల ఉంటరు. ఎండ సంగతి ఎవరైనా చెప్తారు. ముదీర్ల సంగతి మీరు హైదరాబాద్‌లో ఏ ఆఫీసులో చేరినా తెలుస్తుంది. నేను చెప్పాలనుకున్నది వేరే. ఇరవై ఏళ్ళకు పైగా పాలరాయి పని చేశాను. వేళ్ళు నలిగాయి, ఒకసారి స్లాబు జారి నా పాదం పక్కనే పడి ముక్కలయింది. ఆ రోజుల్లో ఎప్పుడూ పడనంత భయం కరోనా వచ్చిన ఏడాది పడ్డాను. జేబులో ఫోను మోగితే చాలు, నోరు ఎండిపోయేది.

మా కంపెనీ అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఉండేది. పెద్ద బిల్డింగులకు, విల్లాలకు, మసీదులకు రాళ్ళు కోసి, పాలిష్ పెట్టి, తీసుకపోయి బిగించే పని. నేను ఫోర్‌మన్‌ని. పనివాళ్ళలో సగం మంది మా కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళు. మిగతావాళ్ళు పఠాన్లు, బీహారీలు. వాళ్ళందరి మధ్యలో ఒక ఇటలీ మనిషి.

తెల్లవాడంటే ఏసీ ఆఫీసులో కూర్చుని కాఫీ తాగేవాడని మా లెక్క. ఈయన వచ్చిన మొదటి రోజు మందూబ్ ఆయనకు ఆఫీసు గది చూపించాడు. మందూబ్ అంటే మా పాస్‌పోర్టులు, వీసాల పనులు చూసే సూడాన్ మనిషి. ఈయన ఆ గదిలోకి తొంగి చూసి, తల అడ్డంగా ఊపి, తన ఉలుల సంచి తెచ్చి మా షెడ్డులో కటింగ్ మిషన్ పక్కన పెట్టాడు. ఆ సంచి మళ్ళీ అక్కడి నుంచి కదల్లేదు. సన్నటి నగిషీ పని, విరిగిన రాయిని అతుకు కనపడకుండా కలిపే పని ఆయన చేసేవాడు. మిషన్ చేసే పని మేము చేసేవాళ్ళం. అందరం ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన మా దగ్గర 'తమ్మీ' అనే మాట నేర్చుకుని అందరినీ తమ్మీ అనేవాడు, ముదీర్‌తో సహా. నాకూ ఆయనకూ రోజూ గొడవే. రాయిలో చార ఎటు పోతుందో చూడకుండా కోయొద్దని ఆయన, సైటు వాళ్ళు మీద కూర్చున్నారు తొందరగా కోయమని నేను. ఆయన హిందీలో మొదలుపెట్టి ఇటలీ భాషలో ముగించేవాడు. నేను ఉర్దూలో మొదలుపెట్టి మా ఊరి భాషలో ముగించేవాణ్ణి. తర్వాత ఇద్దరం కలిసి చాయ్ తాగేవాళ్ళం.

ఆయనది ఇటలీ ఉత్తరాన కొండల పక్క ఊరు. తండ్రి రాయి పనివాడే. ఈయన మాత్రం వయసు రాగానే ఫౌజులో చేరాడు. వాళ్ళ దేశంలో అప్పట్లో కుర్రవాళ్ళందరూ కొన్నాళ్ళు చేయాల్సిందేనట. చేసి అందరూ వెళ్ళిపోతే ఈయన ఉండిపోయాడు. మిలిటరీ ట్రక్కు డ్రైవరు. యుద్ధం అయిపోయిన ఒక పరాయి దేశానికి శాంతి కాపాడటానికని పంపితే అక్కడా ట్రక్కు నడిపాడు. తిరిగొచ్చి ఫౌజు వదిలేసి తండ్రి ఉలి పట్టుకున్నాడు. ఊళ్ళో పనులు తగ్గిపోయాయి, పెళ్ళి నిలవలేదు, పిల్లలు లేరు. ఎవరో పిలిస్తే షార్జాకు వచ్చాడు, అక్కడి నుంచి మా దగ్గరికి. చెప్పుకుంటూ పోతే మా కథలకూ ఆయన కథకూ పెద్ద తేడా లేదు. మేము పాస్‌పోర్టు వస్తూనే కంపెనీ చేతికి ఇచ్చినవాళ్ళం, ఆయన తన పాస్‌పోర్టు తన జేబులోనే పెట్టుకున్నవాడు, అంతే తేడా.

ఆయనకు ఉన్నదల్లా ఒక అక్క. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆమెకు చెవులు పోయాయి. మాటా రాలేదు. తల్లి పొలం పనులకు పోతే ఈయన్ని ఎత్తుకుని పెంచింది ఆమే. ఈయన నోటితో మాట్లాడటం కంటే ముందు చేతులతో మాట్లాడటం నేర్చాడట. ఆమె అక్కడ ఒక వృద్ధాశ్రమంలో ఉండేది. రోజూ మధ్యాహ్నం మేము అన్నం డబ్బాలు విప్పే వేళకు, అక్కడ పొద్దున అవుతుంది, వీడియో ఫోను వచ్చేది. ఈయన ఫోనును ఒక రాతిముక్కకు ఆనించి పెట్టి రెండు చేతులతో మొదలుపెట్టేవాడు. ఆ చేతులు ఎంత గట్టిగా మాట్లాడేవంటే చూస్తున్న మాకు చప్పుడు వినపడినట్టు ఉండేది. మేమూ వెనక నుంచి చేతులూపేవాళ్ళం. ఆమె మాలో ఒక్కొక్కరికి ఒక్కో సైగ పెట్టింది. నాకు మీసం మెలేసే సైగ. నాకు మీసాలు అంత లేవు కానీ ఆమెకు అట్ల కనబడ్డాను.

కరోనా మా దగ్గరికి రాకముందే వాళ్ళ దేశంలో పడింది. మొదట ఉస్తాద్ నవ్వి ఊరుకున్నాడు. తర్వాత ఒక రోజు అక్క ఫోను రాలేదు. మర్నాడూ రాలేదు. ఆశ్రమానికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఆమెకు విడిగా ఫోను చేసి లాభం లేదు, వినపడదు. మెసేజీలు పెడితే చూసినట్టు గుర్తు రావడం లేదు. వీడియో కలిపి ఇచ్చే ఆయమ్మలు ఏమయ్యారో తెలియదు.

ఆ రోజుల్లోనే మా మెస్‌లో టీవీ మీద ఆ ట్రక్కులు చూపించారు. ఇటలీలో ఒక ఊళ్ళో శవపేటికలకు చోటు చాలక మిలిటరీ ట్రక్కులు వరసగా వేరే ఊళ్ళకు తీసుకపోతున్నాయి. చీకటి రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి. ఉస్తాద్ నా పక్కనే రొట్టె తుంచుతున్నాడు. తుంచిన రొట్టె చేతిలోనే ఉంది.

"నేను నడిపిన బండి," అన్నాడు. "అదే బండి తమ్మీ."

మెస్‌లో ఒక పఠాన్ లేచి టీవీ ఆపేశాడు. ఉస్తాద్ వెళ్ళి మళ్ళీ పెట్టాడు. పేటికల మీద పేర్లు కనపడతాయేమోనని తెర దగ్గరికి పోయి చూస్తున్నాడు. కనపడవని ఆయనకూ తెలుసు.

మర్నాడు పని దగ్గర ఆయన నాకు ఫౌజు సంగతి ఒకటి చెప్పాడు. అంతకు ముందు ఎన్నడూ చెప్పలేదు. ఆ పరాయి దేశంలో వాళ్ళ ట్రక్కులు ఒక కొండ రోడ్డు మీద పోవాలి. మందుపాతరలు ఉన్నాయేమోనని అందరికీ అనుమానం. ఆఫీసరు వచ్చి రోడ్డు అంతా చూశాం, క్లియర్, పొండి అన్నాడు. సగం రోడ్డే చూశారని ఆఫీసరుకు తెలుసు. ఉస్తాద్ బండి దాటిపోయింది. వెనక బండి పేలింది. అందులో ఉన్నవాడు ఉస్తాద్‌తో ఒకే గదిలో ఉండేవాడు.

"ఆఫీసరు తర్వాత నాతో ఏమన్నాడో తెలుసా? మీరు భయపడతారని చెప్పలేదు అన్నాడు. మంచోడే తమ్మీ, ఏడ్చాడు కూడా. కానీ భయపడి ఉంటే మేము మెల్లగా పోయేవాళ్ళం కదా."

అంతే చెప్పి ఉలి అందుకున్నాడు. ఆ రోజు కొట్టిన దెబ్బల్లో ఒక్కటీ సరిగ్గా పడలేదు. మంచి రాయి ఒకటి పాడయింది. నేను ఇంకో రాయి తెచ్చి పెట్టాను.

ఊరుకోలేక నేను ఒక నర్సమ్మకు ఫోను చేశాను. అబుదాబిలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తుంది, గోదావరి వైపు మనిషి. ఒకసారి నా బొటనవేలు బ్లేడుకు తెగితే కుట్లు వేసింది. తెలుగు మాట వినగానే అన్నయ్యా అని పిలిచింది, అప్పటి నుంచి అన్నయ్యనే. వాళ్ళవైపు నుంచి చాలామంది అమ్మాయిలు మఠాల్లో సిస్టర్లుగా చేరి ఇటలీ పోయారని, అక్కడ ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో సేవ చేస్తారని ఆమె మాటల్లో ఎప్పుడో విన్నట్టు గుర్తు.

"మా పెద్దమ్మ కూతురే ఉందన్నయ్యా అక్కడ," అంది నర్సమ్మ. "మఠంలో ఉంటది. ఊరి పేరు చెప్పండి, అడుగుతాను. దగ్గరో దూరమో నాకు తెలీదు, ఆశ పెట్టకండి ఆయనకి."

ఆశ పెట్టలేదు. రెండు మూడు రోజుల తర్వాత తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తితే స్వచ్ఛమైన గోదావరి తెలుగు.

"అన్నయ్యగారండీ, నేను సిస్టర్‌ని మాట్లాడుతున్నాను. ఇటలీ నుంచండి. మీరు చెప్పిన హోము మాకు పక్క ఊరేనండి. అక్కడ పనిచేసే వాళ్ళకే జబ్బు చేసింది, మనుషులు లేరు. మమ్మల్ని కొంతమందిని సాయానికి పంపేరు. మీరడిగిన అమ్మగారిని చూశానండి. బతికే ఉన్నారు."

నేను షెడ్డులోకి పరుగెత్తాను. మిషన్ల చప్పుడులో నా అరుపు ఆయనకు వినపడలేదు. చేతులూపాను. ఏ సైగ చేశానో నాకే తెలియదు కానీ ఆయన చేతిలోది కింద పడేసి వచ్చాడు.

ఆ మధ్యాహ్నమే సిస్టరమ్మ వీడియో కలిపింది. అక్క చిక్కిపోయి ఉంది. చేతులు మాత్రం మునుపటిలాగే ఆడుతున్నాయి. ఉస్తాద్ మాకు అర్థం చెప్పాడు. అందరూ నోళ్ళకు గుడ్డలు కట్టుకున్నారు, పెదాలు కనపడటం లేదు, ఎవరు ఏమంటున్నారో తెలియడం లేదు, నాతో మాట్లాడొద్దని అందరూ కలిసి అనుకున్నారేమో అని ఆమె ఫిర్యాదు. అప్పుడు సిస్టరమ్మ ఒక పని చేసింది. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో వాళ్ళ భాషలో రాసి చూపించడం మొదలుపెట్టింది. ఇక ఏం చెప్పాలన్నా అదే దారి.

మూడు రోజులు బాగానే గడిచాయి. తర్వాత మా క్యాంపులో జ్వరాలు మొదలయ్యాయి. గేట్లు మూశారు. పరీక్షలకు గుడారాలు వేశారు, వరసల్లో నిలబెట్టి ముక్కులో పుల్ల పెట్టారు. నాకు లేదని వచ్చింది. ఉస్తాద్‌కు ఉందని వచ్చింది. సాయంత్రానికి ఆయనకు ఊపిరి అందలేదు. తెల్ల సూట్లు వేసుకున్నవాళ్ళు వచ్చి అంబులెన్సు ఎక్కించారు. ఎక్కుతూ నావైపు చూసి అక్కకు చెప్పొద్దన్నట్టు వేలు ఊపాడు.

మర్నాడు పొద్దున సిస్టరమ్మ ఫోను.

"అన్నయ్యగారండీ, అమ్మగారికి జ్వరమొచ్చిందండి. ఆక్సిజన్ పెట్టేరు. పెద్దాసుపత్రికి పంపుదామంటే అక్కడ మంచాల్లేవండి. వాళ్ళ తమ్ముడిగారికి మెల్లగా చెప్పండి."

తమ్ముడు కూడా ఆక్సిజన్ మీదే ఉన్నాడని నేను చెప్పాను.

"అయ్యో దేవా," అంది. "మరి ఈవిడకి నేనేం రాసి చూపించాలండీ? పొద్దున్నించి ఫోను చూపిస్తుంది."

"పనిలో ఉన్నడని రాయి సిస్టరమ్మా. అర్జెంటు పని పడ్డది, సైటుకు పోయిండని."

నర్సమ్మను అడిగితే ఆమె కూడా ఆయనకు ఇప్పుడే చెప్పకండన్నయ్యా, జ్వరం దిగనివ్వండి అంది. గల్ఫ్‌లో ఇది మాకు కొత్త కాదు. ఎవరింట్లో ఎవరు పోయినా, మనిషితో మీ నాయనకు కొంచెం బాగలేదట అని చెప్పి విమానం ఎక్కిస్తాం. ఊరు చేరి ఇంటి ముందు టెంటు చూసే దాకా వాడికి తెలియదు. వాడికి తోడుగా పోయేవాళ్ళకు, విమానం దాకా సాగనంపేవాళ్ళకు, అందరికీ తెలుసు. నేనూ ఎందరినో అట్లనే పంపాను. అది మంచితనం అనుకున్నాను. అందరూ అనుకుంటారు.

అప్పటి నుంచి నా పని ఇదీ. పొద్దున సిస్టరమ్మ ఫోను ఎత్తాలి, అక్కకు ఎట్లుందో వినాలి, మీ తమ్ముడు బాగున్నాడని రాయమనాలి. మధ్యాహ్నం ఉస్తాద్ ఫోను ఎత్తాలి, ఆయన దగ్గు వినాలి, అక్క బాగుందని చెప్పాలి.

"వీడియో ఎందుకు ఇయ్యట్లేదు తమ్మీ?"

"లోపలికి ఫోన్లు తేనిస్తలేరట ఉస్తాద్. కొత్త రూలు."

"తింటుందా?"

"తింటుందట. సూపు."

"సూపు ఆమెకు ఇష్టం లేదు కదా."

"ఏమో, ఇప్పుడు తాగుతుందట."

అబద్ధం చెప్పినప్పుడు చిన్న చిన్న వివరాలే మనిషిని పట్టిస్తాయి. ఫోను పెట్టేశాక నా చొక్కా వీపుకు అంటుకుని ఉండేది. పని లేదు, షెడ్డు మూసి ఉంది, క్యాంపు గేటు మూసి ఉంది. ఆలోచించడం తప్ప చేసేదేమీ లేదు. ఇద్దరిలో ఒకరు పోతే రెండోవాళ్ళకు నేనేమని చెప్పాలి? ఇద్దరూ పోతే, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పోతే? ఆ ఆఫీసరు గుర్తుకొచ్చేవాడు. మంచోడే తమ్మీ అన్నాడు కదా ఉస్తాద్. ఆ మాట నాకు ఎంతమాత్రం ధైర్యం ఇవ్వలేదు.

ఉస్తాద్ కోలుకున్నాడు. కొన్నాళ్ళకు ఆసుపత్రి వాళ్ళు పంపేశారు. సగం మనిషయ్యాడు. మెట్లెక్కడానికి మధ్యలో రెండుసార్లు కూర్చున్నాడు. క్యాంపులో చివరి గదిలో ఆయన్ని ఒంటరిగా ఉంచారు. నేను గడప దగ్గర అన్నం పెట్టి వెనక్కి జరిగేవాణ్ణి, ఆయన లోపల నుంచి వచ్చి తీసుకునేవాడు. ముఖం ఎదురుగా పెట్టుకుని అక్క బాగుందనడం ఫోనులో అన్నంత సులువు కాలేదు. మాస్కు ఉండబట్టి బతికాను.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున సిస్టరమ్మ గొంతులో బలం లేదు.

"ఆక్సిజన్ పెంచేరండి. డాక్టరుగారు ఇవాళేమీ చెప్పలేనన్నారు. ఏమీ తినట్లేదండి. నేనేం రాసి చూపించినా తల తిప్పేసుకుంటుంది. ప్రార్థన చేయండన్నయ్యగారు."

ఫోను పెట్టానో లేదో మందూబ్ వచ్చాడు. ఇటలీ వాళ్ళను తీసుకపోవడానికి ఒక విమానం పోతోందని, ఉస్తాద్‌కు సీటు దొరికిందని, పోతాడో లేదో మధ్యాహ్నంలోపు చెప్పాలని అన్నాడు. "ఆయనకు చెప్పాను," అన్నాడు. "నిన్ను అడిగి చెప్తానన్నాడు. నిన్నెందుకు అడగాలి?"

ఎందుకో నాకు తెలుసు. నర్సమ్మకు ఫోను చేశాను. డ్యూటీలో ఉన్నా ఎత్తింది.

"ఆయన ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా బాగవలేదన్నయ్యా. అంతసేపు విమానంలో అంటే నేనైతే వద్దంటాను. అక్కడికెళ్ళినా రెండు వారాలు గదిలో పెడతారు, హోములోకి ఎవర్నీ రానివ్వట్లేదు."

"అట్లయితే చెప్పొద్దంటవా?"

"అది నేను చెప్పలేనన్నయ్యా," అంది. "మా నాన్న పోయినప్పుడు నాకు మూడు రోజులు చెప్పలేదు. డ్యూటీ చేశాను ఆ మూడు రోజులు. నవ్వుతూ చేశాను. ఇప్పటికీ మా అన్నయ్యతో సరిగ్గా మాట్లాడను," అంది.

నేను వరండా చివరిదాకా నడిచాను. ఉస్తాద్ గడప లోపల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, నా కోసమే. గడ్డం గీసుకున్నాడు. బలం లేని ఆ వేళ్ళతో ఎట్ల గీసుకున్నాడో, రెండు చోట్ల తెగింది.

"తమ్మీ," అన్నాడు, "సీటు ఉందట. అక్క బాగుంటే నేను పోను, ఆ సీటు ఎవరైనా ఆడవాళ్ళకు ఇయ్యమంటా. బాగలేకపోతే పోతా. ఇప్పుడు చెప్పు. అక్క బాగుందా?"

చెప్పడానికి సిద్ధపడి వచ్చానని చెప్పలేను. బాగుంది అనే మాట నా నోటి దాకా వచ్చింది. చాలా తయారుగా ఉంది ఆ మాట, రోజూ వాడినదే కదా. ఆయన కళ్ళు నా కళ్ళ మీదే ఉన్నాయి. నేను కింద కూర్చున్నాను, నేల మీదే.

"బాగలేదు ఉస్తాద్. ఆక్సిజన్ మీద ఉన్నది. ఇయ్యాల పొద్దున పెంచిండ్రట. ఏం చెప్పలేమంటున్నరు."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు అంబులెన్స్ ఎక్కిన తెల్లారి నుంచి."

ఆయన పక్కన నీళ్ళ సీసా ఉంది. తీసి గోడకు కొట్టాడు. బలం లేని చెయ్యి, సీసా గోడ దాకా పోకుండా మంచం మీద పడింది. అది చూసి ఆయనకు ఇంకా కోపం వచ్చింది. ఇటలీ భాషలో చాలాసేపు ఏదో అన్నాడు, మధ్యలో దగ్గు వచ్చి ఆగిపోయాడు. నేను లేచిపోలేదు.

చివరికి హిందీలో అడిగాడు. "నా గురించి ఆమెకు ఏం చెప్పారు?"

"పనిలో ఉన్నవని. అర్జెంటు పని అని."

ఆయన నావైపు వింతగా చూశాడు. "ఇన్ని రోజులు?"

"ఇన్ని రోజులు."

రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. చేతులు తీసినప్పుడు కళ్ళు పొడిగానే ఉన్నాయి. "నేను విమానం ఎక్కను," అన్నాడు. "అక్కడ పోయి గదిలో కూర్చుంటే ఆమె కనపడదు. ఇక్కడైతే మీ సిస్టరు ఉంది. సిస్టరుకు ఫోను చెయ్యి. వీడియో. ఇప్పుడే."

"ఉస్తాద్, నిన్ను ఇట్ల చూస్తే ఆమె..."

"చెయ్యి తమ్మీ. యల్లా."

సిస్టరమ్మ మొదట ఒప్పుకోలేదు. ఈ పరిస్థితిలో ఆయన్ని ఇట్ల చూస్తే ఆవిడ గుండె ఆగిపోతుందేమోనండి అంది. నాకూ అదే భయం. ఉస్తాద్ నా చేతిలో ఫోను దిక్కు చూసి వాళ్ళ భాషలో ఆమెతో నేరుగా ఏదో అన్నాడు. గట్టిగా కాదు. సిస్టరమ్మ "సరేనండి," అంది. ఆ మాట తెలుగులో నాకోసం అంది.

ఫోను గడప మీద పెట్టాను. ఆయన దాన్ని కుర్చీకి ఆనించి మంచం అంచు మీద కూర్చున్నాడు. నేను వరండాలో, తెర ఒక పక్క నుంచి కనపడేట్టు నిలబడ్డాను. తెల్ల దుప్పటి, ముక్కుకు గొట్టం, దిండు మీద ఒక చిన్న ముఖం. కళ్ళు మూసి ఉన్నాయి. సిస్టరమ్మ చేయి వచ్చి ఆమె భుజం తట్టింది. కళ్ళు తెరిచింది.

ఉస్తాద్ చేతులు లేపాడు. ముందులా చప్పుడు చేసే చేతులు కావు, నత్తినత్తిగా మాట్లాడుతున్నాయి. ఆయన తన ఛాతీ చూపించాడు, ఊపిరి పట్టేసినట్టు చూపించాడు, ఆసుపత్రి అన్నట్టు ఏదో చూపించాడు. నిజమంతా చెప్తున్నాడని నాకు అర్థమయింది. ఆమె కదలకుండా చూస్తోంది. అంతసేపు ఎవరైనా అట్ల చూడటం నేను చూడలేదు. తప్పు చేశాం, ఆమెకు ఏదన్నా అయితే మేమే చేసినట్టు అనుకున్నాను.

ఆమె సూది గుచ్చి ఉన్న చెయ్యి లేపింది. మెల్లగా, ఒక్కొక్క సైగ విడివిడిగా చేసింది. అది చూసి ఉస్తాద్ నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. ఆగక దగ్గు వచ్చింది.

"ఏమంటుంది ఉస్తాద్?" అన్నాను.

"పనిలో ఉన్నావని రాసి చూపించారు అంటుంది. నీ జన్మలో నువ్వు ఫోను చేయలేనంత పని ఎప్పుడూ చేయలేదు. నువ్వు చచ్చిపోయావు, నాకు చెప్పట్లేదు అనుకున్నా అంటుంది. ఇన్ని రోజులూ అదే అనుకుందట తమ్మీ. అందుకే తినలేదట."

ఫోనులో సిస్టరమ్మ వెక్కుతున్న చప్పుడు వినపడింది.

ఆమె ఆ రోజు సూపు తాగింది. సూపు ఇష్టం లేదని సైగ చేస్తూనే తాగిందని సాయంత్రం సిస్టరమ్మ ఫోను చేసి చెప్పింది. ఆ తర్వాత కూడా తేలిక కాలేదు. పొద్దున ఫోను మోగితే నా నోరు ఇంకా ఎండిపోయేది. కాకపోతే ఇప్పుడు ఆ ఫోను ఎత్తేటప్పుడు గడప అవతల ఉస్తాద్ ఉండేవాడు, విన్నది విన్నట్టు ఆయనకు చెప్పేవాణ్ణి. ఆక్సిజన్ తగ్గిన రోజు చెప్పాను, మళ్ళీ పెంచిన రోజూ చెప్పాను. ఆయన రోజుకు రెండుసార్లు చేతులతో మాట్లాడేవాడు. ఎండలు ముదిరేనాటికి ఆమె ముక్కుకు గొట్టం తీసేశారు. కుర్చీలో కూర్చోబెట్టిన రోజున మా వరండా అంతా మనుషులే, మాస్కులు వేసుకుని, దూరం దూరంగా నిలబడి చేతులూపుతూ.

విమానం పోయింది. ఆ సీటు ఎవరికి పోయిందో తెలియదు.

షెడ్డు మళ్ళీ తెరిచాక ఉస్తాద్ ఒక ఏడాది పనిచేశాడు. ఊపిరి తొందరగా అయిపోయేది, దుమ్ములో ఎక్కువసేపు ఉండలేకపోయేవాడు. కంపెనీ ఏమీ అనకముందే తనే ఖలాస్ అనేసి అక్క ఉన్న ఊరికి వెళ్ళిపోయాడు. ఆశ్రమం పక్క వీధిలో గది తీసుకున్నాడు. నేను ఆ తర్వాత మరి కొన్నాళ్ళు చేసి మా ఊరికి వచ్చేసి చిన్న దుకాణం పెట్టుకున్నాను. అక్కడున్న ఆ చివరి రోజుల్లో నాలో ఒక మార్పు వచ్చింది. మా క్యాంపులో ఎవరింటి నుంచి చెడ్డ ఫోను వచ్చినా నా దగ్గరికి పంపేవాళ్ళు, నేను చెప్తానని. ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. కొందరు నా మీద కోపం పెంచుకున్నారు. ఒకాయన ఇప్పటికీ మాట్లాడడు. నేనే సరైనవాణ్ణని మీతో అనను. మీకూ ఒకరోజు అట్లాంటి ఫోను వస్తుంది, అప్పుడు మీరే చూసుకోండి.

ఉస్తాద్ ఇంటికి పోయాక అప్పుడప్పుడు ఫోను చేసేవాడు. ఆ దేశం నంబరు తెర మీద చూస్తే నాకు గుండె దడదడలాడేది. ఆయనకు అది తెలుసు. అందుకే ఎత్తగానే మొదటి మాటగా, "అక్క బాగుంది తమ్మీ, నిజంగా," అని, తర్వాతే క్షేమం అడిగేవాడు.

పోయిన నెల ఫోను వచ్చింది. నేను దుకాణం ముందు నిలబడి ఉన్నాను. ఎత్తితే ఆ మాట రాలేదు.

"తమ్మీ, కూసో," అన్నాడు.

దుకాణం మెట్టు మీద కూర్చున్నాను.

"అక్క పోయింది. పొద్దున. బాధ లేకుండా పోయింది అని నీకు చెప్పను, బాధపడ్డది. నేను పక్కనే ఉన్నా. చేతులు పట్టుకుంటే ఆమెకు మాట్లాడ రాదు కదా, అందుకే పట్టుకోలేదు. చివరిదాకా మాట్లాడనిచ్చిన."

ఎండ మెట్టు మీదికి వచ్చింది. నేను లేవలేదు. ఆయన చెప్తూ ఉన్నాడు, నేను వింటూ ఉన్నాను.